ఇంకో రెండు సన్న స్లైసులు

ఇవాళ పొద్దున స్కాన్ గదిలో వరసపెట్టి నాలుగు తుమ్ములు తుమ్మాను. బల్ల మీద పడుకున్న పెద్దాయన మిర్చి యార్డులో బస్తాలు మోసే మనిషి. పనిలో ఉండగానే కుడి చెయ్యీ కాలూ పడిపోతే తోటివాళ్ళు ఆటోలో వేసుకుని తిన్నగా మా దగ్గరికి తెచ్చారు. చొక్కా మార్చే తీరిక ఎవరికుంటుంది? ఆ చొక్కా మడతల్లోని మిరప ధూళిని ఏసీ గాలి గదంతా పరిచేసింది. నేను తుమ్మాను, టెక్నీషియన్ సునీత తుమ్మింది, చివరికి ఆ పెద్దాయనా తుమ్మాడు. కళ్ళూ ముక్కూ తుడుచుకుంటూ ఉంటే దేవదానం గారు గుర్తొచ్చారు. ఆయన ఉన్న రోజుల్లో మా గదిలో తుమ్ము వినిపించేది కాదు.

దేవదానం గారు మా ఆసుపత్రి సెంటర్లో సీటీ స్కాన్ టెక్నీషియన్. నేను రేడియాలజిస్టుని, అంటే మనిషిని కాకుండా మనిషి లోపలి బొమ్మని చూసి జబ్బు చెప్పే డాక్టర్ని. తొంభైల చివర్లో చదువు ముగించుకుని గుంటూరులో ఉద్యోగంలో చేరేనాటికి నాకు ముప్ఫై నిండలేదు, ఆయనకి యాభై దగ్గర పడ్డాయి. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కాలో ఉండేవారు. మిరపకాయలు యార్డుకి వచ్చే నాలుగు నెలలూ గది బయట ఒక చెక్కపెట్టెలో ఉతికిన లుంగీలు, చొక్కాలు, పాత నేతచీరలు మడతపెట్టి ఉంచేవారు. యార్డు నుంచీ కోల్డ్ స్టోరేజీల నుంచీ వచ్చినవాళ్ళ చేత బట్టలు మార్పించి, తడిగుడ్డతో తలా మెడా తుడిపించి, అప్పుడు లోపలికి తీసుకొచ్చేవారు. తుమ్మితే తల కదులుతుంది. తల కదిలితే బొమ్మ చెడుతుంది. చెడిన బొమ్మ చూసి డాక్టరు తప్పు చెబితే అనుభవించేది రోగి. ఇదంతా ఆయన నాకు ఒక్కనాడూ విడమరిచి చెప్పలేదు, చూసి తెలుసుకున్నాను. ఆయన ఏదీ నోరు తెరిచి చెప్పేవారు కాదు. అలా చెప్పకుండా చేసింది మాత్రం నేనే.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా అమ్మ అనేది. చేరిన మొదటి నెలలో ఒక పిల్లాడి తల స్కాన్ చూస్తున్నాను. వెనక నుంచుని దేవదానం గారు, ఎడమ వైపు కూడా ఏదో ఉన్నట్టుంది చూడండి మేడమ్ అన్నారు. నిజానికి నేనూ అదే చూస్తున్నాను, చెప్పబోతున్నాను. ఆ మాట ఆయన నోట ముందు రావడం నాకు మింగుడుపడలేదు. పిల్లాడి తల్లి ఎదుటే, నర్సు ఎదుటే, “రిపోర్టు రాసేది మీరా, నేనా?” అన్నాను. ఆయన మొహంలో ఏమీ మారలేదు. మీరేనండి అని మెషీను దగ్గరికి వెళ్ళిపోయారు. ఆ తర్వాత ఆయన నోట “ఉంది” అనే మాట నేను వినలేదు.

దాని బదులు ఒక ప్రశ్న మొదలైంది. “ఇంకో రెండు సన్న స్లైసులు తీయమంటారా మేడమ్?”

అప్పటి మెషీను తలని సెంటీమీటరు మందాన చూపించేది, దోసకాయని చక్రాలుగా తరిగినట్టు. ఆవగింజంత మచ్చ ఏదైనా ఉంటే ఆ మందంలో పలచబడి, దాని అసలు తెలుపు తెలిసేది కాదు. సన్నగా కోసి తీస్తే మచ్చ ఎంత తెల్లగా ఉందో, ఎక్కడ కూర్చుందో తేటగా కనిపించేది. కాకపోతే దానికి ఇంకొంత సమయం పట్టేది, బయట బెంచీ మీద జనం ఉండేవారు. ఆయన ఆ ప్రశ్న అడిగారంటే అక్కడ ఏదో ఉందన్నమాటేనని నాకు కొన్ని నెలల్లోనే అర్థమైంది. అర్థమైనా, ఓపిక ఉన్న రోజు తీయండి అనేదాన్ని, లేని రోజు అక్కర్లేదు అనేదాన్ని. అక్కర్లేదంటే ఆయన మరి మాట్లాడేవారు కాదు.

టీ తాగేటప్పుడు మాత్రం కబుర్లు చెప్పేవారు. ఆయనది పర్చూరు దగ్గర పల్లె. అమ్మా నాన్నా పత్తి ఏరే కూలీలు. మిషను బడిలో రత్నం మాస్టారు అనే ఆయన చదువు చెప్పి, పెద్దయ్యాక ఎక్స్‌రే ట్రైనింగుకి ఉత్తరం రాసిచ్చి పంపారట. ఆ మాస్టారి పేరెత్తితే దేవదానం గారి వీపు దానంతటదే నిటారుగా అయ్యేది. “లోపల లోపల గొణిగితే ఊరుకునేవారు కాదండి. ఇట్టా వేలితో గడ్డం మీద రెండుసార్లు కొట్టుకునేవారు. అంటే పైకి చదవరా అని. పైకి చదివితే తప్పు నేను దిద్దుతాను, లోపల చదివిన తప్పు ఎవడు దిద్దుతాడ్రా అనేవారు,” అని తన గడ్డం మీద కొట్టుకుని చూపించేవారు. నేను నవ్వి, మరి ఇప్పుడెందుకు ఇంత మౌనం అని ఎగతాళి చేసేదాన్ని. ఆయన కప్పు కడగడానికి వెళ్ళిపోయేవారు. ఆ మౌనం నా వల్లేనన్న సంగతి అప్పట్లో నా బుర్రకి తట్టలేదు.

ఆ రత్నం మాస్టారే ఒక సోమవారం మా సెంటరుకి వచ్చారు. డెబ్భై దాటిన మనిషి, పంచె కట్టు, చంకలో గొడుగు. ముందురోజు చర్చిలో వాక్యం చదువుతుంటే మాట తడబడి, కుడిచేతిలోంచి పుస్తకం జారిపోయిందట. సాయంత్రానికి అంతా సర్దుకుంది. ఇంత హడావుడి ఎందుకని ఆయన అన్నా, భార్య మరియమ్మగారే పట్టుబట్టి తీసుకొచ్చారు. దేవదానం గారు ఆయన చెప్పులు విప్పించి, తల పట్టుకుని బల్ల మీద పడుకోబెట్టారు. బొమ్మ వచ్చింది. ఎడమ వైపు చిన్న తెల్లటి చుక్క.

అలాంటి చుక్కలు మాకు కొత్త కాదు. కడుపులోకి పోయిన ఒక రకం పురుగు గుడ్లు రక్తంలో మెదడుకి చేరి, తిత్తి కట్టి, చచ్చి, మానిపోయి సున్నపు మచ్చగా మిగిలిపోతాయి. మూర్ఛతో వచ్చేవాళ్ళ తలల్లో రోజూ చూసేవాళ్ళం. చూసీ చూసీ, తెల్లచుక్క కనిపిస్తే పురుగు మచ్చ అని చెయ్యి దానంతటదే రాసేసేది. పరదేశంలో చదివిన డాక్టరైతే ఆ చుక్క చూసి ఆగి ఆలోచించేవాడేమో. మేం ఆగలేదు, మాకు అలవాటు.

“ఇంకో రెండు సన్న స్లైసులు తీయమంటారా మేడమ్?”

బయట ఆరుగురు ఉన్నారు. అక్కర్లేదు, పాత మచ్చే అన్నాను. ఆయన కదల్లేదు. అంతకుముందెప్పుడూ రెండోసారి అడిగి ఎరగరు. “రెండే మేడమ్,” అన్నారు. నేను తలెత్తి చూశాను. ఆయన నేలకేసి చూస్తున్నారు. వద్దన్నాను కదా అని నా గదిలోకి వెళ్ళి రిపోర్టు రాసేశాను. పాత పురుగు మచ్చ, దాని వల్ల చిన్నపాటి మూర్ఛ వచ్చి ఉండవచ్చు. నా మాట మీద ఫిజీషియన్ మూర్ఛ బిళ్ళలు రాసిచ్చారు. మాస్టారు గొడుగు తీసుకుని ఇంటికి వెళ్ళిపోయారు.

మూడు వారాలకి స్ట్రెచరు మీద తెచ్చారు. కుడి పక్క మొత్తం పడిపోయింది. మాట లేదు. స్కాన్‌లో ఎడమ వైపు పెద్ద నాళం దారిలో ఇంకో తెల్లచుక్క, మొదటిదాని కన్నా లావుగా. పురుగు చచ్చి, మాని, సున్నం కట్టడానికి ఏళ్ళు పడుతుంది. పాత మచ్చ మూడు వారాల్లో కొత్తగా పుట్టదు. అప్పుడు ఫిజీషియన్ మాస్టారి గుండె మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విని, కవాటం గరగరమంటోంది అన్నారు. వయసు మీద పడి గుండె కవాటానికి సున్నం పట్టింది. ఆ సున్నం పెచ్చులు ఊడి, రక్తంతో పాటు పైకి కొట్టుకొచ్చి మెదడు నాళంలో ఇరుక్కుంటున్నాయి. మొదటి చుక్క హెచ్చరిక. నేను దాన్ని పాత మచ్చ అని రాశాను. అప్పటికి నాళంలో గడ్డని కరిగించే ఇంజెక్షను మా దగ్గర ఎవరూ వాడటం లేదు. ఉన్నా, ఆయన్ని ఊరి నుంచి తెచ్చేసరికే వేళ మించిపోయింది. ప్రాణం నిలబడింది, మాట తిరిగి రాలేదు.

ఆ సాయంత్రం దేవదానం గారు నా గదిలోకి వచ్చి టేబిలు మీద ఒక కవరు పెట్టారు. అందులోని ఫిలిం తీసి లైటుకి పెట్టి చూశాను. మాస్టారి మొదటి స్కాన్ నాటి తేదీ. రెండు సన్న స్లైసులు. నేను వద్దని వెళ్ళిపోయాక ఆయన తనంతట తాను తీశారు. అందులో చుక్క సున్నంలా మెరుస్తోంది, సరిగ్గా నాళం దారిలో, గొట్టంలో గింజ ఇరుక్కున్నట్టు. చూడటం తెలిసిన ఎవరికైనా ఇక రెండో మాట ఉండదు.

నాకు ముందు వచ్చింది సిగ్గు కాదు, కోపం. మూడు వారాలు ఇది సొరుగులో పెట్టుకుని కూర్చున్నారా, మీ మాస్టారే కదా, ఒక్క మాట చెబితే మీ సొమ్మేం పోయింది అని అరిచాను. ఆయన గొంతు పెంచలేదు.

“రెండుసార్లు అడిగాను మేడమ్. మూడోసారి అడగడానికి నోరు రాలేదు. రిపోర్టు రాసేది మీరు.”

నా మాటే. నెలల కిందట నేను విసిరి, మరిచిపోయిన మాట. ఆయన దాన్ని అన్నాళ్ళూ మోశారు. తల తీసేసినట్టయింది. కుర్చీలో కూలబడి, కళ్ళద్దాలు తీసి, చాలాసేపు ఏడ్చాను. ఆయన వెళ్ళలేదు, ఓదార్చనూ లేదు, తలుపు దగ్గర అలాగే నిలబడ్డారు.

ఈ సంగతి మాస్టారింట్లో చెప్పాలి అన్నాను. మీ ఉద్యోగానికి ముప్పు మేడమ్ అన్నారు. ఉంటే ఉంది, పదండి అన్నాను. మరుసటి ఆదివారం చిలకలూరిపేట మీదుగా పర్చూరు బస్సులో వెళ్ళాం. దారి పొడుగునా చేలల్లో పత్తి విచ్చి ఉంది, ఆడవాళ్ళు ఒడినిండా ఏరుకుంటున్నారు. ఆయన ఒడిలో ఆ కవరు.

మాస్టారు వసారాలో చెక్క కుర్చీలో ఉన్నారు, కుడిచెయ్యి ఒళ్ళో దిండు మీద. నేను నిలబడే మరియమ్మగారికి చెప్పాను. ఆ రోజు బొమ్మని తప్పు చదివాను, సరిగ్గా చదివి ఉంటే గుండె చూపించేవాళ్ళం, రెండో దెబ్బ రాకుండా ప్రయత్నం చేసేవాళ్ళం అని. ఆమె “ఆగేదా అమ్మా అది?” అని అడిగారు. ఆగేదని ఖాయంగా చెప్పలేను, ప్రయత్నించేవాళ్ళం అన్నాను. ఆమె లోపలికి వెళ్ళి రెండు గ్లాసుల నీళ్ళు తెచ్చి మా ముందు పెట్టారు. నా మొహం మాత్రం చూడలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ చూడలేదు. అందుకు ఆమెని తప్పు పట్టే హక్కు నాకు లేదు.

మాస్టారు ఎడమ చెయ్యి చాపారు. కవరు ఇమ్మని. దేవదానం గారు ఫిలిం తీసి వాకిట్లోని వెలుతురుకి ఎత్తి పట్టుకున్నారు. మాస్టారు దాన్ని తేరిపార చూసి, తర్వాత దేవదానం గారి మొహంలోకి చూశారు. ఈయన ఫిలిం దించకుండానే, “నేను ఆరోజే చూశాను మాస్టారూ. చెప్పలేదు,” అన్నారు.

మాస్టారి ఎడమ చెయ్యి మెల్లిగా పైకి లేచింది. కొడతారేమో అనుకున్నాను. ఆ చెయ్యి ఆయన గడ్డం దాకా వెళ్ళింది. చూపుడు వేలితో గడ్డం మీద రెండుసార్లు కొట్టుకున్నారు.

యాభై ఏళ్ళ దేవదానం గారు బడిపిల్లాడిలా నిటారుగా నిలబడి, కళ్ళ నీళ్ళు కారుతుండగానే, పైకి చదివారు. “ఇది మెదడు ఎడమ పక్కండి. ఇది రక్తనాళం పోయే దారి. ఈ తెల్లది సున్నపు ముక్క. ఇది పాత మచ్చ కాదు మాస్టారూ. పాత మచ్చ కాదు.” మాస్టారు తల ఊపారు. సరిగ్గా చదివావు అన్నట్టే ఊపారు.

తిరుగు బస్సులో నేనే నోరు విప్పాను. రేపటి నుంచి బొమ్మ రాగానే ముందు మీరు పైకి చదవండి, తర్వాత నేను చదువుతాను అన్నాను. తప్పు చదివితే అన్నారు. నా తప్పు మీరు, మీ తప్పు నేను దిద్దుకుందాం అన్నాను. ఇది విని నేను ఒక్కరోజులో మారిపోయాననుకోకండి. ఆయన చదువుతుంటే మొదట్లో నాకు ఒళ్ళు మండేది, పళ్ళు బిగబట్టి వినేదాన్ని. “ఉన్నట్టుంది” నుంచి “ఉంది” దాకా రావడానికి ఆయనకి ఏడాది పట్టింది.

నాలుగైదేళ్ళు గడిచాయి. గడ్డ కరిగించే ఇంజెక్షను మా ఆసుపత్రికీ వచ్చింది. మూడు గంటల లోపల ఇవ్వాలి, తలలో రక్తం కారి ఉంటే మాత్రం ఇవ్వకూడదు, ఇస్తే ప్రాణం తీస్తుంది. ఒకరోజు కోటమ్మ అనే ఆవిడని తెచ్చారు. కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల తొడిమలు తీసే పని. మధ్యాహ్నం అన్నాల బెల్లు కొట్టాక క్యారేజీ మూత తీయబోతే కుడిచెయ్యి రాలేదని, పిలిస్తే పలకలేదని తోటి ఆడవాళ్ళు చెప్పారు. బెల్లు కొట్టింది ఒంటిగంటకి, తెచ్చేసరికి రెండున్నర. దేవదానం గారు అంత తొందరలోనూ ఆమెకి నేతచీర చుట్టబెట్టించి, తల తుడిపించి బల్లెక్కించారు. బొమ్మలో ఎడమ వైపు తెల్లచుక్క.

మా నరాల డాక్టరు కొత్తగా చేరిన కుర్రాయన. బొమ్మ చూసి, ఇది రక్తంలా ఉంది, ఇంజెక్షను వద్దు అన్నాడు. దేవదానం గారు ఆయన్ని కానీ నన్ను కానీ అడగలేదు. అప్పటికే సన్న స్లైసులు తీసేశారు. గొంతెత్తి చదివారు.

“రక్తం కాదు సార్. పాత మచ్చా కాదు. దీని తెలుపుకి మెషీను ఇచ్చిన అంకె చూడండి, రక్తానికి ఇంత రాదు. నాళం దారిలోనే ఉంది. ఇది సున్నం. గుండె కవాటం నుంచి వచ్చి ఉంటుంది, ఒకసారి ఆమె గుండె వినండి.”

ఆ కుర్రాయన బిత్తరపోయి నా వైపు చూశాడు, నేను మందలిస్తాననే కాబోలు. ఆయన సరిగ్గానే చదివారు డాక్టరుగారూ, తలలో రక్తం లేదు అన్నాను. కుర్రాయన స్టెతస్కోపు పెట్టి విన్నాడు. మొహం మారింది. ఇంజెక్షను మొదలైంది. సున్నం ఆ మందుకి కరగదు, చుట్టూ పేరుకున్న రక్తం గడ్డ కరిగితే పక్కనుంచి కాస్త దారి దొరుకుతుందేమోనని ఆశ. సాయంత్రానికి కోటమ్మ వేళ్ళు కదిలాయి. మాట ముక్కలు ముక్కలుగా వచ్చింది. మేం ఆ దెబ్బని పూర్తిగా తిప్పికొట్టలేకపోయాం. కానీ ఆమె గుండె సంగతి ఆరోజే తెలిసింది. హైదరాబాదు పంపి కవాటం మార్పించారు. రెండో దెబ్బ రాలేదు.

మరుసటి మిరప కాలంలో ఒకనాడు కోటమ్మ మా సెంటరుకి నడిచి వచ్చింది. చేతిలో ఉతికి మడతపెట్టిన నేతచీర. “మీ చీర ఒంటిమీదే ఉండిపోయిందయ్యా, ఇచ్చిపోదామని వచ్చా,” అంది, నత్తిగానే, కానీ తెలిసేలా. దేవదానం గారు దాన్ని రెండు చేతులా అందుకున్నారు. పెట్టెలో పెట్టడానికి వంగి, ఎంతకీ లేవలేదు. ఆ సాయంత్రమే పర్చూరు బస్సెక్కి వెళ్ళి, ఆ సంగతంతా మాస్టారికి చెప్పి వచ్చారు.

ఆయన రిటైరైన రోజు దండలూ ఉపన్యాసాలూ అయ్యాక నా గది తలుపు దగ్గర ఆగి, అన్నేళ్ళలో మొదటిసారి మేడమ్ అనకుండా, “వస్తానమ్మా. కోపం కాస్త తగ్గించుకో,” అన్నారు. ఆ మాటా పైకే చదివారు. మాస్టారు పోయారు, దేవదానం గారు పోయి కూడా ఆరేళ్ళయింది. నా కోపం అనుకున్నంతగా తగ్గలేదు. బట్టల పెట్టె ఏమైందో నాకు తెలియనే తెలియదు. ఇవాళ తుమ్మేదాకా దాన్ని తలుచుకోనందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

ఇప్పుడు గడ్డ కరగకపోతే తొడ దగ్గర నాళంలోంచి సన్నటి తీగ పంపి పట్టి లాగేస్తున్నారు. సున్నపు గడ్డ అయితే ఆ తీగకీ అంత తేలిగ్గా చిక్కదు, లాగేవాళ్ళకి ముందే తెలియాలి. పొద్దున ఆ యార్డు పెద్దాయన బొమ్మ తెర మీదికి వచ్చింది. ఎడమ వైపు ఏదో తెల్లగా ఉంది. పక్క గదిలో తీగ పంపే డాక్టరు చేతులు కడుక్కుంటున్నాడు. పొద్దుట్నుంచీ నేను చిరాకుగానే ఉన్నాను, ఒకసారి కసిరాను కూడా. పదేళ్ళ అనుభవం ఉన్న సునీత నా మొహం చూసి, తెర చూసి, నేలకేసి చూసింది.

“మేడమ్, ఇంకోసారి సన్నగా చూడమంటారా?” అంది.

నేను ఆమె వైపు తిరిగి, చూపుడు వేలితో నా గడ్డం మీద రెండుసార్లు కొట్టుకున్నాను. ఆ సైగ తెలిసిన సునీత గొంతు సవరించుకుని, పక్క గదిలోకి కూడా వినిపించేలా పైకి చదవడం మొదలుపెట్టింది.